ప్రార్థన అయిపోయిన ప్లాను

మా జహీరాబాద్‌లో రేడియేషన్ అన్న మాట ఎవరూ వాడరు. కరెంటు పెట్టడం అంటారు. "మా చిన్నాయినకు కరెంటు పెడుతున్నరు" అని బస్టాండులో ఎవరైనా అంటే, ఆ ఇంట్లో క్యాన్సర్ ఉందని పక్కవాళ్లకు అర్థమైపోతుంది. ఆ కరెంటు ఎక్కడ ఎంత పడుతుందో లెక్కగట్టే ఉద్యోగం నాది. నేను డాక్టరును కాను, మెడికల్ ఫిజిసిస్టును. డాక్టరు స్కాను మీద గడ్డను గీసి, ఇంత మోతాదు పడాలని రాస్తాడు. అది నిజంగా అక్కడే, అంతే పడేలా చూడటం మా బాధ్యత.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఎక్కడ ఉద్యోగం దొరుకుతుందని అడుగుతారు. "మీ లెక్క తప్పితే, తప్పిందని మీకెట్లా తెలుస్తుంది?" అని నేను తిరిగి అడిగితే ఫోను తీసి చూసుకుంటారు. జవాబు అందులో ఉండదు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, నాకు కప్పిన శాలువాలు ఇందులో లేవు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, వాటి అవసరం చెదపురుగులకే ఉంది.

ఎర్రరంగు భక్తులు

కంప్యూటర్ తెర మీద మోతాదు రంగుల్లో కనిపిస్తుంది. పూర్తి మోతాదు పడే చోట ఎరుపు, తగ్గేకొద్దీ పసుపు, ఆకుపచ్చ, చివరికి నీలం. గడ్డ అంతా ఎర్రగా నిండితే ప్లాను, అంటే కిరణాలు ఎటు నుంచి ఎంత వేయాలన్న పథకం, బాగున్నట్టు. మా దవాఖానలో ప్లాను చూడటమంటే ఎరుపు చూడటమే. ఎరుపు నిండుగా ఉంటే పెద్ద డాక్టరు తల ఊపుతాడు. ఎక్కడైనా పసుపు తొంగిచూస్తే మొహం చిట్లిస్తాడు. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఏ లెక్క వేసింది అని అడిగినవాణ్ణి నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒక చేతి వేళ్లు చాలు.

సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. టై కట్టుకుని వచ్చి, అందమైన ఎర్ర బొమ్మలు చూపించి, బిర్యానీ తిని వెళ్లిపోతారు. ఒకసారి అలా వచ్చినాయనను, "ఈ లెక్క ఊపిరితిత్తిలో ఎంత నమ్మొచ్చు బాబూ?" అని అడిగాను. "మంచి ప్రశ్న సార్" అన్నాడు. మంచి ప్రశ్న అన్నాడంటే జవాబు లేదని అర్థం.

మనుషులు పైరూపం చూస్తారు, దేవుడు లోపలిది చూస్తాడు. ఈ మాట మా చర్చి సండేస్కూలు పిల్లలు నిద్రలో కూడా చెబుతారు. పెద్ద పెద్ద డిగ్రీలు చదివినవాళ్లకు మాత్రం గుర్తుండదు.

గాలి వీచే రోజు విత్తనం

లెక్కలో అసలు చిక్కు ఎక్కడుందో తెలిస్తే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు. అందుకని కొంచెం ఓపిక పట్టండి.

కిరణం శరీరంలో తగిలిన ప్రతిచోటా ఎలక్ట్రాన్లనే చిన్నచిన్న కణాలు ఎగిరిపడతాయి. గడ్డను చంపేది నిజానికి ఆ కణాలే. కండలో అవి పుట్టినచోటికి దగ్గరలోనే ఆగిపోతాయి. ఊపిరితిత్తి అట్లా కాదు, అందులో ఎక్కువ భాగం గాలే. అక్కడ అవి చాలా దూరం పక్కలకు కొట్టుకుపోతాయి. చేత్తో విత్తనం చల్లినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. గాలి లేని రోజు చల్లితే విత్తనం వేసినచోటే పడుతుంది. గాలి రోజున గట్టు దాటి పడుతుంది, చేను అంచు పలచబడుతుంది.

మేము మొదట్లో వాడిన పాత లెక్క ఎప్పుడూ గాలి లేని రోజే అనుకుంటుంది. కిరణం దారిలో ఊపిరితిత్తి అడ్డం వస్తే లోతు వరకు కొంచెం సర్దుకుంటుంది గానీ, పక్కలకు కొట్టుకుపోయేదాన్ని పట్టించుకోదు. అందుకే ఊపిరితిత్తి మధ్యలో ఉన్న చిన్న గడ్డకు అంచుదాకా పూర్తి మోతాదు పడిందని ధీమాగా ఎర్రరంగు వేస్తుంది. కిరణం శక్తి పెంచితే ఇంకా లోతుగా, ఇంకా బాగా పడుతుందనుకుని పెంచినవాళ్లూ ఉన్నారు. శక్తి పెరిగితే కణాలు ఇంకా దూరం పోతాయి, అంచు ఇంకా పలచబడుతుంది. తెర మీద మాత్రం బొమ్మ ఇంకా అందంగా కనిపిస్తుంది.

ఆ రోజుల్లో మా దగ్గర ఉన్నది ఆ ఒక్క లెక్కే. ఉన్నదానితో పని చేశాం, దాన్ని నేను తప్పుపట్టను. తర్వాత పక్కలకు పోయే కణాలను కూడా లెక్కలోకి తీసుకునే కొత్త పద్ధతి వచ్చింది. మా దవాఖాన కూడా తెప్పించింది. నేను కొలతలన్నీ పూర్తిచేసి, ఇక వాడుకోవచ్చని రాసిచ్చాను. అయినా పాతదాన్నే నడిపించారు. ఎందుకంటే కొత్త లెక్కలో ఎరుపు తగ్గింది.

చేతులు పెట్టిన ఫైలు

మాది హైవే పక్కన ఉన్న ఒక ట్రస్టు దవాఖాన. ప్రార్థనతో మొదలయ్యే చోటు. నేను ఆ చోటును ఇష్టపడే చేరాను. మా నాన్న రాయికోడ్ దగ్గర చిన్న క్రైస్తవ సంఘంలో పెద్ద. ప్రార్థన లేకుండా మా ఇంట్లో ముద్ద నోట్లోకి పోయేది కాదు.

రేడియేషన్ విభాగానికి పెద్ద డాక్టర్ రత్నం. మంచి వక్త, మంచి గొంతు. ఆయన ఒక ఆనవాయితీ పెట్టాడు. సోమవారం ఉదయం, ఆ వారం మొదలయ్యే పేషెంట్ల ప్లాన్లన్నీ ఫైళ్లలో పెట్టి బల్ల మీద ఉంచాలి. అందరం చుట్టూ నిలబడి, ఫైళ్ల మీద చేతులు పెట్టి ప్రార్థన చేయాలి. అసలు ఉద్దేశం మంచిదే. సోమవారానికల్లా పని పూర్తి కావాలని, చేస్తున్న పనిని దైవభయంతో చేయాలని.

కొన్నాళ్లకు అది ముద్ర అయిపోయింది. ప్రార్థన అయిందంటే ఆ ప్లాను ఇక ముట్టుకోకూడదు. టెక్నీషియన్లు కూడా "అది ప్రార్థన అయిపోయిన ప్లాను సార్" అనేవాళ్లు, బ్యాంకు తాళం వేసేసినట్టు. మళ్లీ తెరిచి చూద్దామంటే విశ్వాసం లేనివాడన్నట్టు చూసేవాళ్లు.

నేను విశ్వాసిని కాబట్టే దీన్ని అసహ్యించుకుంటాను. దేవుడు మనకు బుద్ధి ఇచ్చాడు, కొలిచే పరికరం ఇచ్చాడు. ఆ రెండూ పక్కనపెట్టి ఆయన పేరును పైన అతికించడం భక్తి కాదు. సోమరితనానికి తెల్లబట్ట కట్టడం. ఆయన పేరును వ్యర్థంగా వాడొద్దన్న ఆజ్ఞకు ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు.

సంగప్ప

సంగప్పది రాయికోడ్ మండలం. అల్లం వేసే రైతు. ఊపిరితిత్తి కింది భాగంలో చిన్న గడ్డ. బీడీలు తాగి తాగి ఊపిరి చాలక ఆపరేషనుకు పనికిరాలేదు. కొద్ది సిట్టింగుల్లోనే పెద్ద మోతాదు పెట్టి గడ్డను మాడ్చేద్దామన్నారు. ఇలాంటి వైద్యంలో అంచు చాలా ముఖ్యం. మధ్య భాగమంతా చచ్చినా, అంచులో కొన్ని క్యాన్సర్ కణాలు బతికితే గడ్డ మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. ఆయనకు మళ్లీ పెట్టే అవకాశం దాదాపు ఉండదు.

ప్లాను వేసింది సుకన్య, మా విభాగంలో నా తర్వాతి ఫిజిసిస్టు. చురుకైన మనిషి, నోరు ఇంకా చురుకు. కొత్త లెక్కతోనే వేయమని ఆమెకు చెప్పాను. సోమవారం బల్ల మీదికి పాత లెక్క బొమ్మ వచ్చింది, నిండా ఎరుపుతో.

"నేనియ్యలే సార్" అంది మెల్లగా. "డాక్టరు సారు మార్పిచ్చిన్రు."

"ఇది నేను చూడలేదు సార్" అన్నాను రత్నం గారితో.

"ప్రార్థనైనంక చూడు బ్రదర్" అన్నాడు, కళ్లు మూసుకుంటూ.

చూశాను. అవే కిరణాలను కొత్త లెక్కలో వేయించాను. గడ్డ మధ్యలో ఎరుపు ఉంది. ఊపిరితిత్తి వైపు అంచు మాత్రం పసుపుకు దిగింది, ఒకచోట ఆకుపచ్చగా ఉంది. నేను సంతకం చేయలేదు. ఫిజిసిస్టు సంతకం లేకుండా యంత్రం నడవదు. అది మా వృత్తిలో మిగిలిన కొద్దిపాటి అధికారం. వాడుకోవడం నేర్చుకోండి.

బుధవారం సంగప్ప, భార్య చంద్రమ్మతో కలిసి బస్సు దిగి వచ్చాడు. ఇవాళ కరెంటు పెట్టడం లేదని చెప్పడానికి నేనే బయటికి వెళ్లాను.

"ఏమైంది సారూ, మిషినుకు జరమొచ్చిందా?" అన్నాడు సంగప్ప.

"మిషిను మంచిగనే ఉన్నది పటేలా. లెక్క ఇంకోసారి చూస్తున్న."

"చూడున్రి, చూడున్రి. అల్లం పెట్టేటోణ్ణి నేను. భూమిల ఏమున్నదో తెల్వక నెలలకు నెలలు కూసునుడు నాకు అలవాటే."

చంద్రమ్మ అతన్ని పక్కకు జరిపింది. "అలవాటేం లేదు సారు. ఇంట్ల ఎగపోసుకుంట గోడకు ఒరిగి కూసుంటడు. ముచ్చట్లన్నీ మీ ముందట్నే. నాకు ఒక్కటి చెప్పున్రి. ఆపితే రోగం ముదురుతదా?"

"జర ఆగితే ఏం కాదమ్మా. తప్పు లెక్కతోని పెడితే మాత్రం అయితది."

"అట్లయితే ఆపున్రి" అంది. "మేము బస్సుకు అలవాటు పడ్డోళ్లమే."

ఆ మాట రత్నం గారి చెవిన పడింది. పిలిపించాడు.

"పేషెంటు ముందర తప్పు అనే మాట ఎందుకన్నవ్?"

"తప్పు కాబట్టి సార్."

"బ్రదర్, ప్రార్థన చేసిన ప్లానును మళ్ల ఇప్పితే స్టాఫుకు ఏమర్థమైతది? దేవుని మీద నమ్మకం లేదనే కదా."

"దేవుని మీద ఉన్నది సార్. పాత సాఫ్ట్‌వేర్ మీద లేదు."

"నీ కొత్త లెక్కనే తప్పేమో. ఎరుపు పోయిందంటే అందులనే ఏదో తేడా ఉన్నది."

ఇది మా రంగంలో చాలామంది పెద్దలు వాడే వాదం. అద్దంలో మొహం మీద మచ్చ కనిపిస్తే అద్దం తుడవడం. అయినా అడిగింది అడిగాడు కాబట్టి, కొలిచి చూపించాలనుకున్నాను.

పొట్టు, మైనం

మనిషి ఊపిరితిత్తి లోపల కొలత తీయలేం. దానికి బదులు అంతే తేలికైన వస్తువు పెట్టాలి. కంపెనీలు అమ్మేవి ఉన్నాయి, తెప్పించాలంటే నెలలు పడతాయి. రంపపు పొట్టును సరిగ్గా నొక్కి నింపితే అది ఊపిరితిత్తికి దాదాపు సమానమైన సాంద్రతకు వస్తుంది. ఇది మా గురువుల కాలం నుంచి తెలిసిన పద్ధతే, నేను కనిపెట్టింది కాదు. ఇప్పటివాళ్లు మరిచిపోయారంతే.

సుకన్య సామిల్లుకు వెళ్లి బస్తా తెచ్చింది. "గింత పొట్టు ఎందుకమ్మా, కోళ్లు పెట్టిన్రా అన్నడు సార్ సామిల్లోడు."

"ఏమన్నవ్?"

"పెద్ద కోడి ఉన్నది, కూత బాగ కూస్తదన్న."

నేను వినిపించనట్టు నటించాను. ఆ కూతకు మేమంతా ఆమేన్ అనేవాళ్లం కదా.

గడ్డకు మైనం కావాలి. మా సంఘంలో క్రిస్మస్ ముందటి రాత్రి వెలిగించిన కొవ్వొత్తుల ముక్కలు పెట్టెలో మిగిలి ఉంటాయి. వాటిని కరిగించి సంగప్ప గడ్డంత ముద్ద చేశాం. ప్లాస్టిక్ డబ్బాలో పొట్టు నింపి, మధ్యలో ముద్ద పెట్టి, ముద్దను రెండుగా కోసి నడుమ కొలత ఫిల్మును ఇరికించాం. ఆ ఫిల్ము మీద ఎంత రేడియేషన్ పడితే అంత నల్లబడుతుంది. డబ్బాకు మనిషికి తీసినట్టే స్కాను తీసి, సంగప్పకు వేసిన కిరణాలనే దాని మీద వేశాం.

మధ్యలో రెండు లెక్కలూ దాదాపు ఒకటే చెప్పాయి. ఫిల్మూ అదే చెప్పింది. గొడవంతా అంచులోనే. అక్కడ ఫిల్ము కొత్త లెక్క చెప్పిన చోటే పలచబడింది, పాత లెక్క చెప్పినట్టు కాదు. అనుమానం రాకూడదని ఇంకోసారి చేశాం. అదే వచ్చింది.

ఫిల్ము పట్టుకుని నేను రత్నం గారి గదికి బయలుదేరేలోపు సుకన్య ఆపింది.

"సార్, మీరు కోపానికి రావొద్దు. డాక్టరు సారు ఒక ఉపాయం చెప్పిన్రు. కొత్త లెక్కనే వాడుమన్నరు."

"మంచిదే కదా."

"గడ్డ చుట్టున్న ఊపిరితిత్తిని నీళ్లని రాయుమన్నరు."

ఇది విననివాళ్ల కోసం చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం ఎంత బరువుగా ఉందో స్కానును బట్టి తెలుస్తుంది. దాన్ని చేత్తో మార్చే వీలు కూడా ఉంటుంది. ఊపిరితిత్తిని నీళ్లని మార్చి రాస్తే, కొత్త లెక్క కూడా అక్కడ నీళ్లే ఉన్నాయని నమ్మి ఎర్రగా నింపేస్తుంది. కొత్త లెక్క వాడినట్టూ ఉంటుంది, బొమ్మా అందంగా ఉంటుంది. సమాధికి సున్నం కొట్టడం అంటే ఇదే. నీళ్లను ద్రాక్షారసం చేసినాయన గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఊపిరితిత్తిని నీళ్లు చేసినాయనను మా దవాఖానలోనే చూశాను. ఈ ఉపాయాన్ని ఆయన ఒక్కడే వాడాడనుకోకండి. మీరు చేరబోయే చోటా ఎవరో ఒకరు మీకు చెవిలో చెబుతారు.

"రాసినవా?" అని అడిగాను.

"రాసిన సార్. గానీ సేవ్ చెయ్యలే."

గదిలో మాట

ఫిల్మును, రెండు లెక్కల గీతలను రత్నం గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"ఇది పొట్టు బ్రదర్. సంగప్ప పొట్టు కాదు."

"కాదు సార్. సంగప్ప నీళ్లు కూడా కాదు. రెంటిల పొట్టే ఆయనకు దగ్గర."

ఫిల్మును వెలుగుకు ఎత్తి అంచును రెండుసార్లు చూశాడు. చివరికి ఆయన గొంతులో వేదిక మీది స్వరం పోయింది.

"ఇది ఒప్పుకుంటే అక్కడితోని ఆగదు. కొత్త లెక్క వచ్చినంక కూడ పాతదాంతోని పెట్టినోళ్లు ఉన్నరు. ఇట్లాంటి చిన్న గడ్డలోళ్లు. వాళ్లకేం చెప్పాలె?"

ఎరుపు మీద ఆయన భక్తికి అసలు కారణం ఇదన్నమాట. లెక్క అర్థంకాక కాదు. నాకంటే తెలివైనవాడు, ఎప్పుడో అర్థమై ఉంటుంది. అర్థమైనందుకే కళ్లు మూసుకుని ప్రార్థించాడు. తెలియనివాణ్ణి క్షమించడం నాకు కష్టం కాదు. తెలిసీ తెలియనట్టు ఉండటానికి మోకాళ్లు వాడుకున్నవాణ్ణి ఎట్లా క్షమించాలో నాకు ఇంకా రాలేదు, దాని కోసం నేనూ ప్రార్థిస్తున్నాను.

"ముందు సంగప్పకు సరిగ్గ పెడదాం సార్. తర్వాత వాళ్లను పిలుద్దాం. వాళ్ల ఫైళ్లల్ల నా సంతకాలు కూడ ఉన్నయి."

"పిలుస్తే దవాఖాన మూతపడ్తది."

"మూతపడదు సార్. మన మొఖాలు జర చిన్నగైతయి, అంతే."

"సంగప్పది నీ ఇష్టమున్నట్టు చెయ్యి" అన్నాడు. మిగతావాళ్లను పిలిచే సంగతి వదిలేసి ఫిల్మును నా వైపు జరిపాడు.

ఇక్కడ ఇంకో గుంత ఉంది, దాంట్లో పడకండి. కొత్త లెక్కలో అంచు తగ్గిందని కనిపించగానే, మొత్తం మోతాదును పైకి తోసి అంచు ఎర్రబడేదాకా పెంచేసే చోట్లు ఉన్నాయి. కొలబద్ద మారినప్పుడు పాత సంఖ్యకు పాత అర్థం ఉండదు. పాత లెక్కతో రాసిన మోతాదు నిజానికి ఎంత పడిందో, ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి ఎంత తట్టుకుందో డాక్టరూ ఫిజిసిస్టూ కూర్చుని కొత్తగా మాట్లాడుకోవాలి. ఎంత మోతాదు అన్నది డాక్టరు చెప్పాలి, మనం కాదు. సంగప్ప విషయంలో ఆ ఒక్కసారి రత్నం గారు నిజంగా కూర్చున్నాడు, నిజమైన డాక్టరులా ఆలోచించాడు. తక్కువ శక్తి కిరణం తీసుకున్నాం, కిరణాల హద్దును గడ్డకు కొంచెం దూరం జరిపాం, అంచుకు ఎంత చేరాలో ఆయన రాశాడు. వచ్చిన బొమ్మ గరుకుగా, మరకలుగా ఉంది. "బొమ్మ మంచిగలేదు" అన్నాడు సంతకం చేస్తూ. మంచిగా లేని ఆ బొమ్మ నిజమైనది.

సంగప్పకు సిట్టింగులన్నీ అయ్యాయి. చివరి రోజున బల్ల దిగి చొక్కా తొడుక్కుంటూ, "సారూ, ఇప్పుడు చెప్పున్రి. నా భూమిల ఏమున్నది?" అని అడిగాడు.

"స్కానుల తెలుస్తది పటేలా. వెయ్యాల్సింది మాత్రం వేసినం."

చంద్రమ్మ నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాతి స్కానుల్లో గడ్డ చిన్నదైంది. ఆయన ఇప్పటికీ అల్లం వేస్తున్నాడు. దీన్ని మా సంఘంలో సాక్ష్యంగా చెప్పమని కొందరు అడిగారు. దేవునికి కృతజ్ఞత చెప్పాను, లెక్క గురించి చెప్పలేదు. ఒక్క మనిషి బాగుపడితే లెక్క సరైనదని తేలదు. పాత లెక్కతో బాగుపడినవాళ్లూ ఉన్నారు. లెక్కకు రుజువు కొలతే, కొలత తీయకుండా సాక్ష్యాలు పోగుచేసేవాళ్లను చర్చిలోనూ నమ్మకండి, కాన్ఫరెన్సుల్లోనూ నమ్మకండి.

సోమవారం

సంగప్ప సిట్టింగులు ముగిసిన తర్వాతి సోమవారం మళ్లీ బల్ల చుట్టూ నిలబడ్డాం. ఆ రోజు రత్నం గారి ప్రార్థన మామూలుగా లేదు. మేము ఎరిగీ ఎరుగక చేసిన లోపాలను మన్నించమన్నాడు. మా కళ్లు తెరిచినందుకు స్తోత్రం అన్నాడు. ఒకరిద్దరు నర్సులు ముక్కు చీదారు. అందరూ ఆమేన్ అన్నారు. ఇక టీకి పోదామన్నట్టు ఫైళ్లు సర్దడం మొదలైంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నీ మీద నీ సహోదరునికి ఏదైనా ఫిర్యాదు ఉంటే అర్పణను అక్కడే వదిలి ముందు అతని దగ్గరికి పొమ్మని మాకు నేర్పిన వాక్యం. మా సహోదరులు, ఆ పాత ప్లాన్ల పేషెంట్లు, ఎక్కడో చెరుకు నరుకుతూ, బస్సుల కోసం నిలబడి ఉన్నారు. మేము ఏసీ గదిలో ఒకరినొకరు క్షమించేసుకుని టీ తాగబోతున్నాం.

"సార్" అన్నాను. "దేవునికి చెప్పిన్రు, మంచిదే. ఆయనకు ముందుగాలనే తెలుసు. తెల్వంది వాళ్లకు."

రత్నం గారు బల్ల మీది నుంచి చేతులు తీయలేదు.

"ఎవరు చెప్పాలె?" అన్నాడు.

"ప్రార్థన ఎవరు చేసిన్రో వాళ్లే."

ఆయన నన్ను అసహ్యంగా చూశాడు. నేనూ ఆయనను అట్లాగే చూసి ఉంటాను. ఇద్దరం విశ్వాసులమే. తర్వాత సుకన్య వైపు తిరిగి, "వాళ్ల నంబర్లు తియ్యమ్మా" అన్నాడు.

అందరినీ పిలిచి మళ్లీ స్కాను తీయాలని, పాత ప్లాన్లన్నీ కొత్త లెక్కలో మళ్లీ వేసి చూడాలని అనుకున్నాం. పిలిచినవాళ్లలో మొదట వచ్చినామె కోహీర్ వైపు నుంచి. కూలికి పోయే మనిషి, ఒక్కతే వచ్చింది. రత్నం గారి ఎదురుగా కుర్చీ అంచున కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన మాట మారుస్తాడేమోనని నాకు అనుమానం. అందుకే అక్కడి నుంచి కదల్లేదు.

"ఎందుకు పిలిచిన్రు సారూ? బాగైందని మీరే చెప్పిన్రు గద."

రత్నం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చెప్పినమ్మా. అప్పుడు నేను సరిగ్గ చూడలే."

ఆమె కొంగు నడుముకు దోపుకుని లేచింది.

"మరిప్పుడు చూడున్రి" అని స్కాను గది ఎటో నన్ను అడిగింది.